సిబ్బంది ట్రైనింగ్ ప్యాకేజీ రివ్యూ: మొదటి రోజు దండగ, రెండో రోజు పండగ

మాది అనంతపురంలో బళ్ళారి రోడ్డు వైపు టూవీలర్ సర్వీస్ సెంటర్. ఏ కంపెనీ షోరూమూ కాదు, అన్ని రకాల బండ్లూ చేస్తాం. లోపల పని మా ఆయన చూసుకుంటారు. ఆయనకు తోడు మా మామగారి కాలం నుంచీ ఉన్న హెడ్ మెకానిక్. ఊరంతా ఆయన్ని భాయ్ అనే పిలుస్తుంది. బయట కౌంటర్, జాబ్ కార్డులు (ఏ బండికి ఏ పని చేయాలో రాసేవి), స్పేర్స్ లెక్క, జీతాలు నావి. మెకానిక్‌లు, హెల్పర్లు, వాటర్ సర్వీస్ పిల్లలు కలిపి పన్నెండు మంది ఉండాలి. ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో తక్కువే. చేతికి పని వచ్చిన పిల్లోడు బెంగళూరు బస్సెక్కుతాడు. లేదంటే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల వచ్చిన కంపెనీల్లో ఏదో ఒకదాంట్లో చేరిపోతాడు. మళ్లీ కొత్తవాడిని తెచ్చి, ఏ నట్టుకు ఏ స్పానరో దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

అందుకని బెంగళూరు నుంచి వచ్చే ఒక సంస్థ దగ్గర రెండు రోజుల ప్యాకేజీ తీసుకున్నాం. ‘చిన్న వ్యాపారాల్లో సిబ్బంది నిలబడేందుకు’ అని వాళ్ల బ్రోచర్ మీద ఉంది. సగం తిట్టబోతున్నాను కాబట్టి పేరు రాయను. ఇలాంటివి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, సరుకు ఇంచుమించు ఒకటే. ఫీజు 20,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. హాలు, భోజనాలు మనవే. షట్టర్ దించితే పోయే రాబడి సరేసరి.

మొదటి రోజు అందరికీ. సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక హాలు తీసుకున్నాం. పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టించాను. నన్నడిగితే ఆ రోజు మొత్తంలో పిల్లలు మనస్ఫూర్తిగా పాల్గొన్నది అందులోనే. ట్రైనర్‌కు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. చెంపకు మైకు, వెనక డీజే పాట, ‘లేవండి, చప్పట్లు కొట్టండి, పక్కవాడికి హైఫైవ్ ఇవ్వండి’. రాత్రి తొమ్మిది దాకా ఇంజిన్ దించి ఎక్కించినవాళ్లను పొద్దున్నే ఎగరమంటే ఎట్లా ఉంటుంది? ఎగిరారు పాపం, అన్న, అంటే మా ఆయన, చూస్తున్నాడని.

తర్వాత గద్ద కథ. గద్దకు నలభై ఏళ్లు రాగానే కొండ మీదికి పోయి, ముక్కును రాయికేసి పగలగొట్టుకుని, కొత్తది మొలిచేదాకా ఐదు నెలలు ఆగుతుందట. వాట్సాప్‌లో ఎన్నేళ్ల నుంచో తిరుగుతున్న కథే ఇది, శుద్ధ అబద్ధం. ముక్కు లేని గద్ద ఐదు నెలలు ఏం తిని బతుకుతుంది? మా వాటర్ సర్వీస్ పిల్లోడు ఇదే మాట పైకి అడిగేశాడు. ‘పాజిటివ్‌గా ఆలోచించు తమ్ముడూ’ అన్నాడు ట్రైనర్.

మధ్యాహ్నం మరీ ఘోరం. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1959లో చెప్పిన సిద్ధాంతం చూపించి, ‘ఉద్యోగికి డబ్బు ముఖ్యం కాదు, గుర్తింపు ముఖ్యం’ అని తేల్చేశాడు. పన్నెండు వేలు తీసుకుని అందులోంచి రూము అద్దె కట్టే పిల్లల ముందు అనాల్సిన మాటేనా అది? వెనక వరసలోంచి ‘అయితే ఫీజు వాపస్ ఇయ్యి సార్, మేం నిన్ను గుర్తిస్తాం’ అని వినపడింది. ఎవరన్నారో నాకు తెలుసు, కానీ చెప్పను. ఇంటికొచ్చి ఆ హెర్జ్‌బర్గ్ సంగతేందో చదివాను. జీతం ముఖ్యం కాదని ఆయన అననే లేదు. జీతం, పని చోటు సరిగ్గా లేకపోతే మనిషి విసిగిపోతాడు. అవి సరిచేస్తే విసుగు పోతుంది, కానీ అంతమాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. ఇష్టం పుట్టేది పనిలోనే, ఎదుగుదలలోనే అన్నాడు. రెండూ కావాలని అర్థం. పైగా ఆయన మాట్లాడింది పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో. హెల్పర్ల సంగతి ఆయన లెక్కలో లేదు. ఒకటో తారీఖు జీతం పడకపోతే మా దగ్గర ఏ సిద్ధాంతమూ పనిచేయదు.

ఆ సాయంత్రం మా ఆయన ముఖం చూడాలంటే నాకే భయం వేసింది. రెండో రోజు వద్దని చెప్పేద్దామన్నారు. డబ్బు ముందే కట్టేశాం కాబట్టి ఆగాం.

రెండో రోజు మా షెడ్డులోనే. వచ్చింది వేరే మనిషి. అరవై దాటిన పెద్దాయన, ఏదో ఫ్యాక్టరీలో ట్రైనింగ్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారట. ప్రొజెక్టర్ లేదు, పాట లేదు. పెద్దవాళ్లు ఉంటే చాలన్నారు. మేమిద్దరం, భాయ్, ఇద్దరు సీనియర్ మెకానిక్‌లు. టేబుల్ మీద పాత ఇంజిన్ ఒకటి పెట్టించి భాయ్‌తో, ‘ఈ అమ్మకు వాల్వ్ క్లియరెన్స్ సెట్ చేయడం నేర్పండి’ అన్నారు. నాకే!

భాయ్ చేతులు ఎట్లా తిరిగాయో తిరిగాయి. వాల్వ్ దగ్గర వదలాల్సిన సందును కొలిచే సన్నటి రేకు, అదే ఫీలర్ గేజ్, పెట్టాడు, తిప్పాడు, బిగించాడు. ‘ఇంతే అమ్మా.’ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా దగ్గర ప్రతి హెల్పరూ నేర్చుకునేది సరిగ్గా ఇట్లాగే.

అప్పుడు పెద్దాయన చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని కొత్తవాళ్లు వేలల్లో వచ్చిపడుతున్నారు. వాళ్లకు త్వరగా పని నేర్పడానికి 1940లో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం పెట్టారు. సూపర్‌వైజర్లను పదిమందిగా కూర్చోబెట్టి, రెండేసి గంటల చొప్పున ఐదు క్లాసులు చెప్పేవాళ్లు, అంతే. యుద్ధం అయ్యాక అది జపాన్‌కు పోయింది, టయోటా వాళ్లు దాన్ని పట్టుకుని వదల్లేదు. అందులో పని నేర్పడానికి నాలుగు మెట్లు. ముందు నేర్చుకునేవాడి బెరుకు పోగొట్టి, వాడికి ఎంత తెలుసో కనుక్కోవాలి. తర్వాత పనిలో ఒక్కో భాగమూ చేసి చూపిస్తూ, ఎక్కడ జాగ్రత్తో, ఎందుకు జాగ్రత్తో చెప్పాలి. ఆ తర్వాత వాడి చేత చేయించాలి, చేస్తూ నోటితో చెప్పమనాలి. చివరికి పని వాడికి వదిలేసి, సందేహం వస్తే ఎవర్ని అడగాలో చెప్పి, మధ్యమధ్యలో చూసుకోవాలి. నేర్చుకునేవాడికి రాలేదంటే నేర్పినవాడు నేర్పనట్టే అన్నది వాళ్ల సూత్రం.

ఈ మాట దగ్గర భాయ్‌కు కోపం వచ్చింది. ‘మా ఉస్తాద్ నా చేత మూడేళ్లు చాయ్ తెప్పిచ్చినాడు సార్. స్పానర్‌తో కొట్టినాడు. నేను నేర్చుకోలేదా?’ అన్నాడు. పెద్దాయన నిదానంగా, ‘నేర్చుకున్నావు భాయ్. ఆ రోజుల్లో ఉస్తాద్‌ను వదిలితే నీకు పోయే చోటు లేదు. వీళ్లకు ఫోన్‌లోనే ఉంది’ అన్నారు. భాయ్ ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి మళ్లీ ఇంజిన్ దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు. ఈసారి ఇంజిన్ చల్లగా ఎందుకుండాలో చెప్పాడు. గేజ్ కాస్త పట్టినట్టు జారాలి, వదులుగా ఆడకూడదు అన్నాడు. మరీ బిగిస్తే వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, పికప్ పోతుంది. వదులైతే టకటకమని చప్పుడు. నా చేత్తోనే పట్టించాడు. రెండు వాల్వులూ నేనే సెట్ చేశాను. ఇన్నేళ్లుగా బిల్లులో ‘ట్యాపెట్ సెట్టింగ్’ అని రాస్తున్నానే, దాని వెనక ఇంత కథ ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతిది మనుషులతో వ్యవహారం. అదీ ఆ కార్యక్రమంలోదే. పని ఎట్లా చేస్తున్నాడో వాడికి చెప్పాలి. బాగా చేస్తే అప్పుడే మెచ్చుకోవాలి. వాడి మీద పడే మార్పు ఏదైనా ముందే చెప్పాలి. వాడిలో ఉన్న సత్తా వాడుకోవాలి. వినడానికి చప్పగా ఉంటాయి. పెద్దాయన వాటిని మా షెడ్డులోకి దించారు. కస్టమర్ ముందు పిల్లోణ్ణి అరవొద్దన్నారు. దసరాకి ఆయుధపూజ ముందు వారమంతా రాత్రిళ్లు పని ఉంటుందంటే, ఆ సంగతి వాళ్లకు పదిరోజుల ముందు తెలియాలన్నారు. ‘బండి బాగా చేశావురా’ అని అన్న అనడం వేరు, ‘ఆ స్కూటర్ వణుకు ఎక్కడుందో నువ్వే పట్టుకున్నావు’ అనడం వేరన్నారు.

సాయంత్రం పిల్లల్ని ఒక్కొక్కరినే వేపచెట్టు కింద కూర్చోబెట్టుకుని మాట్లాడారు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. అందరినీ అడిగింది ఒకటే: ‘వచ్చే ఏడాదికి ఏ పని నీ చేతికి రావాలి?’ జీతం మాట ఎటూ వస్తుంది, వచ్చింది. కానీ ఎక్కువమంది నోట వచ్చిన మాట స్కానర్. 2020 ఏప్రిల్ ఒకటి నుంచి పొగ తగ్గించే బీఎస్ సిక్స్ రూల్ వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షనే, అంటే సెన్సర్ల లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే పద్ధతి. కార్బొరేటర్ విప్పి ఊది పెట్టే రోజులు పోయాయి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కానర్ తగిలించి కోడ్ చదవాలి, ఏ సెన్సర్ తప్పు చెబుతోందో పట్టుకోవాలి. మా షెడ్డులో స్కానర్ ఒకటే, అది భాయ్ లాకర్‌లో, తాళం భాయ్ మొలతాడుకు. ‘దాన్ని ముట్టుకోవాలంటే బెంగళూరు పోవాలక్కా’ అని తర్వాత ఒక పిల్లోడు నాతోనే అన్నాడు. వాటర్ సర్వీస్ పిల్లోడికి మాత్రం స్కానరూ వద్దు, ఏదీ వద్దు. కౌంటర్‌లో కంప్యూటర్ కావాలట. గద్ద గురించి అడిగినవాడే. ఇప్పుడు మధ్యాహ్నాలు జాబ్ కార్డులు వాడే కొడుతున్నాడు. నాకంటే వేగం. స్పెల్లింగుల సంగతి అడక్కండి.

పెద్దాయన పోతూ పోతూ గోడకు ఒక బోర్డు పెట్టించారు. ఒక పక్క పేర్లు, పైన పనులు: క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, వాల్వ్ సెట్టింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, స్కానర్. ప్రతి గడిలో ఒక సున్నా. చూశాడంటే పావు నింపాలి, పక్కన ఎవరైనా ఉంటే చేయగలిగితే సగం, ఒక్కడే చేస్తే ముప్పావు, ఇంకొకరికి నేర్పగలిగితే మొత్తం. ఎప్పుడు నింపాలో భాయ్ చెప్పాలి. ఈ బోర్డు మా షెడ్డుకు పండగే తెచ్చింది. పొద్దున్నే వచ్చి ముందు దాన్నే చూస్తారు. ‘భాయ్, నాది ముప్పావు కావాల, సగమే నింపినావు’ అని గొడవలు. స్కానర్ తాళం ఇప్పుడు కౌంటర్‌లో నా దగ్గర ఉంది, సంతకం పెట్టి తీసుకుపోతారు.

ఇక తిట్లు మిగిలాయి. నెల తర్వాత ఒకసారి వచ్చి చూస్తామన్నారు, నేను ఫోన్ల మీద ఫోన్లు చేస్తే గానీ రాలేదు. వచ్చింది కూడా పెద్దాయన కాదు, ఆ మైకు అబ్బాయి. బోర్డుతో సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయాడు. వాళ్ల యాప్ ఒకటి అందరి ఫోన్లలో వేయించారు, దాన్ని తెరిచినవాళ్లను నేను చూడలేదు. బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్లు ఇచ్చారు. ఇంట్లో గోడకు బాగుంటాయి, బయట ఎందుకూ పనికిరావు. నిజానికి, చదువు లేకుండా పని నేర్చుకున్నవాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రభుత్వానిదే ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో దాన్ని రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. భాయ్‌లాంటి వాళ్ల కోసమే పెట్టింది అది. ఎదుగుదల గురించి ఒక రోజంతా మాట్లాడిన సంస్థ ఆ ఒక్క ముక్క చెప్పలేదు. మాకు ఐటీఐలో పనిచేసే చుట్టమొకాయన చెప్పాడు.

మరి పిల్లలు నిలబడ్డారా అంటే, ఒకడు పోయాడు. బెంగళూరులో మేం ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు ఇస్తామన్నారు. ఆ తేడా ఏ బోర్డూ పూడ్చలేదు, పూడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఎప్పటిలా ఫోన్ స్విచాఫ్ చేసి మాయమవలేదు. నెల ముందే చెప్పి, తన ఇంజెక్టర్ పని ఇంకొకడికి నేర్పి, వాడి సున్నా ముప్పావు నింపించి వెళ్లాడు. మిగతావాళ్లు ఉన్నారు. రిపేరు అయిపోయాక అదే కంప్లైంట్‌తో బండి వెనక్కి రావడం తగ్గింది, కౌంటర్‌లో తిట్లు తినేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

ఐదుకు మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఆ పెద్దాయనవే. పదిమంది లోపు ఉన్న షెడ్లు, వర్క్‌షాపులు, టైలరింగ్ యూనిట్లు తీసుకోవచ్చు. జీతాలు టైముకు ఇవ్వలేని స్థితిలో ఉంటే మాత్రం ఈ 20,000 ముందు వాళ్లకే పంచండి. తీసుకునేవాళ్లు మొదటి రోజు వద్దని గట్టిగా చెప్పండి. ‘ప్యాకేజీ విడదీయం’ అంటారు, విడదీస్తారు. ట్రైనర్ ఎవరో, చేత్తో ఎక్కడ పని చేశాడో ముందే అడగండి. ఫీజులో నాలుగో వంతు, వాళ్లు మళ్లీ వచ్చి చూసి వెళ్లాకే ఇస్తామని రాయించుకోండి. స్పేర్స్ డెస్కు వాళ్ల కోసం మేం మళ్లీ మాట్లాడాం: పెద్దాయన ఒక్కరే, ఒక్క రోజే, 9,000. జీఎస్టీ గురించి ఇంకా బేరం నడుస్తోంది.