ఫ్రీబీఎమ్‌డీతో అరుదైన ఇంగ్లిష్ ఇంటిపేరు వెతకడం: థాక్రే పేరు మీద ఒక సమీక్ష

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక ఇంటిపేరు ఎంతమందికి ఉంది, ఏ ఊళ్ల చుట్టూ ఉంది, ఎన్ని రకాల స్పెల్లింగుల్లో తిరుగుతోంది అని తేల్చుకోవాలంటే, డబ్బు కట్టే సైట్ల జోలికి పోకముందే తెరవాల్సింది ఫ్రీబీఎమ్‌డీ. ఏళ్ల తరబడి వాడాక కూడా నేను చెప్పే మాట ఇదే. కాకపోతే అది చూపించిన అంకెను చూపించినట్టే రాసుకుంటే అరుదైన పేర్ల దగ్గర లెక్క తలకిందులవుతుంది. స్మిత్, జోన్స్ లాంటి పేర్లలో పాతిక ఎంట్రీలు అటూ ఇటూ అయినా తేడా కనిపించదు. ఒకే ఊరి నుంచి పుట్టి ఒకే జిల్లా చుట్టూ ఉండిపోయిన పేరులో ఆ పాతికే మొత్తం కథ మార్చేస్తుంది.

ముందు ఆ సైట్ ఏమిటో చెప్పాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాల రిజిస్ట్రేషన్ 1837 జులై 1న మొదలైంది. స్థానిక రిజిస్ట్రార్లు మూడు నెలలకోసారి నకళ్లు తీసి లండన్‌లోని జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు పంపేవాళ్లు. అక్కడ గుమాస్తాలు వాటికి అక్షరక్రమంలో సూచిక తయారుచేసేవాళ్లు. ఆ సూచిక పేజీల్ని స్కాన్లు చూస్తూ వాలంటీర్లు టైపు చేసిందే ఫ్రీబీఎమ్‌డీ. 1998లో మొదలైంది, ఇప్పుడొక ధార్మిక సంస్థ నడుపుతోంది. వెతకడానికి పైసా అక్కర్లేదు, అకౌంటూ అక్కర్లేదు. అంటే మీ తెర మీద కనిపించే పేరు అసలు రిజిస్టరుకు కనీసం మూడు చేతులు దూరంలో ఉంది. రాసుకున్న చెయ్యి, సూచిక కట్టిన చెయ్యి, టైపు చేసిన చెయ్యి. తప్పు ఏ చేతి దగ్గర దొర్లిందో కనుక్కోవడమే అసలు పని.

పరీక్షకు థాక్రే పేరు తీసుకుందాం. ఇంగ్లిష్‌లో దాన్ని టీ-హెచ్-ఏ-సీ-కే-ఆర్-ఏ-వై అని రాస్తారు. నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరే పేరులోలా మధ్యలో 'ఈ' అనే అక్షరం చేరిస్తే థాకరే. ఇది ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. యార్క్‌షైర్ పశ్చిమ భాగంలో, వాష్‌బర్న్ లోయలో, గ్రేట్ టింబుల్ దగ్గర థాక్రే అనే చిన్న చోటు ఉండేది. లీడ్స్ నగరానికి తాగునీళ్ల కోసం 1879లో కట్టిన ఫ్యూస్టన్ రిజర్వాయర్ కింద అది మునిగిపోయింది. మన దగ్గర ప్రాజెక్టుల కింద పోయిన ఊళ్లకు ఇంటిపేర్లు మిగిలినట్టే అక్కడా పేరు మాత్రం మిగిలింది. మాటలో రెండు ముక్కలున్నాయి. మొదటిది ఇంటికప్పుకు వేసే రెల్లు, గడ్డి. రెండోది పాత నార్స్ భాషలో మూల, ఒంపు అని అర్థమిచ్చే 'వ్రా'. కప్పుగడ్డి దొరికే మూల అన్నమాట. 1379 నాటి తలపన్ను జాబితాలో 'థాక్‌వ్రా' అనే రూపం కనిపిస్తుంది. డబ్ల్యూ అక్షరం పలుకులోంచి తర్వాత జారిపోయింది, కొన్ని కుటుంబాల రాతలో మాత్రం అలాగే ఉండిపోయింది.

ఊరి పేరు ఊళ్లో ఉన్నంతకాలం ఎవరికీ అంటుకోదు. పక్క ఊరికి పోతేనే 'ఫలానా చోటు నుంచి వచ్చినవాడు' అంటారు. అందుకే ఇలాంటి పేర్లు పుట్టినచోట కంటే దాని చుట్టుపక్కల ఎక్కువ దొరుకుతాయి. థాక్రేల విషయంలో ఆ చుట్టుపక్కల అంటే లీడ్స్. మునిగిన ఊరికి అది ఇరవై, పాతిక కిలోమీటర్లు. పనివాళ్ల వృత్తి రోగాల మీద 1831లో పుస్తకం వేసిన వైద్యుడు థాక్రా, 1902లో మొదలైన థాక్రే వైద్య పరికరాల కంపెనీ, పాటలు రాసి పాడిన జేక్ థాక్రే, అందరూ లీడ్స్‌వాళ్లే. నవలాకారుడి పూర్వీకులు హాంప్స్‌త్వైట్‌వాళ్లు, అదీ ఫ్యూస్టన్‌కు పది కిలోమీటర్ల లోపే.

ఇక వెతుకులాట. ఫారంలో ఇంటిపేరు రాసి, ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్ టిక్కు పెట్టడమే చాలామంది మొదట చేసే పని. అరుదైన పేరుకు అదే పెద్ద ఉచ్చు. ఆ టిక్కు వెనక ఉన్నది సౌండెక్స్ పద్ధతి. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది, అచ్చుల్నీ హెచ్, డబ్ల్యూ, వైలనూ వదిలేస్తుంది, మిగతా హల్లులకు అంకెలిస్తుంది. సీ, కే, ఎస్ లాంటివాటికి 2, ఆర్‌కు 6. పక్కపక్కనే ఒకే అంకె వస్తే ఒకసారే లెక్క. ఆ లెక్కన థాక్రే కోడు టీ260. బాగానే ఉంది, థాకరే, థాక్రా, థాకరా అన్నీ అందులోకే వస్తాయి. అయితే టక్కర్ కోడూ టీ260, టాస్కర్‌దీ అదే, థాకర్‌దీ అదే. టక్కర్ అనేది ఇంగ్లండ్‌లో మామూలు పేరు. దాని వరదలో థాక్రేలు కొట్టుకుపోతారు, ఒక్కసారి మూడు వేల ఎంట్రీలు దాటితే సైట్ చేతులెత్తేస్తుంది. 1970ల తర్వాతి ఏళ్లకు వస్తే ఇంకో చిక్కు. ఠాకూర్, ఠక్కర్ పేర్లున్న భారతీయ కుటుంబాల పిల్లలు కూడా అదే కోడులో పడతారు. అన్నట్టు, మహారాష్ట్ర థాకరేలకు ఈ పేరుతో బంధం ఇంగ్లిష్ స్పెల్లింగు వరకే.

టిక్కు తీసేసి నక్షత్రం గుర్తు వాడాలి. అది ఉన్నచోట ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. టీ-హెచ్-ఏ-సీ-కే రాసి నక్షత్రం, ఆర్-ఏ రాసి మళ్లీ నక్షత్రం పెడితే థాక్రే, థాకరే, థాక్రా, థాకరా, డబ్ల్యూ మిగిలిన పాత రూపం, అన్నీ ఒకేసారి వస్తాయి. థాకర్ రాదు, ఎందుకంటే ఆర్ తర్వాత 'ఏ' అక్షరం లేదు. ఇది ముఖ్యం. థాకర్ అంటే ఇంటికప్పు నేసేవాడు, వృత్తి పేరు, ఈ వంశంతో సంబంధం లేదు. చివర ఈ-వై వచ్చేవాటికి ఇంకోసారి, ఈ-ఆర్-వై వచ్చేవాటికి మరోసారి వెతకాలి. మూడు వెతుకుళ్లు, మూడు జాబితాలు, ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి నేరుగా కూడేసుకోవచ్చు. ఠాకూర్‌లో సీ లేదు కాబట్టి ఆ గొడవా ఉండదు. ఒకసారి ఫారం నింపాక ఆ సెర్చ్‌ను సేవ్ చేసి పెట్టుకుంటే మళ్లీ మళ్లీ కొట్టే బాధ తప్పుతుంది.

దీనికీ దొరకనివి మొదటి అక్షరమే తప్పుగా చదివిన ఎంట్రీలు. పాత చేతిరాతలో పెద్ద టీ ఒక్కోసారి ఎస్‌లానో ఎఫ్‌లానో కనిపిస్తుంది. అలా తప్పుగా ఎక్కిన పేరు ఏ కోడుకూ, ఏ నక్షత్రానికీ చిక్కదు. దీనికి ఒకటే దారి. పేరు గడిని ఖాళీగా వదిలి, మనకు తెలిసిన జిల్లా, సంపుటం (జనరల్ రిజిస్టర్ ఆఫీసులో నకళ్లను కట్టిన పుస్తకం), పేజీ నంబరు ఇచ్చి వెతకాలి. వివాహాలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. 1852 నుంచి మామూలుగా ఒక పేజీలో రెండు పెళ్లిళ్లు, అంటే నలుగురి పేర్లుంటాయి. ముగ్గురే దొరికితే నాలుగోది ఎక్కడో తప్పు స్పెల్లింగులో దాక్కుందని అర్థం. అంతకుముందు ఒక పేజీకి నాలుగు పెళ్లిళ్ల దాకా ఉండేవి, కాబట్టి 1837-51 మధ్య జంటను తేల్చడం కష్టమే.

సంపుటం సంఖ్యను చూడటం అలవాటు చేసుకుంటే చాలా తప్పులు అక్కడే పట్టుబడతాయి. 1851 వరకు రోమన్ అంకెలు, 1852 నుంచి 1946 వరకు అంకె పక్కన అక్షరం. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ ఉంటే 9బీ, నేర్స్‌బరో, పేట్లీ బ్రిడ్జ్ ఉంటే 9ఏ, షెఫీల్డ్ ఉంటే 9సీ. జిల్లా లీడ్స్ అని, సంపుటం 8డీ అని కనిపిస్తే రెండింట్లో ఒకటి తప్పు. 8డీ మాంచెస్టర్ వైపుది.

ఇప్పుడు ఎంతమంది అనే ప్రశ్న. ఇక్కడే ఎక్కువమంది బోర్లాపడతారు. అన్ని రకాల రికార్డులూ కలిపి కౌంట్ నొక్కి ఆ అంకెను జనాభాగా రాసేస్తారు. ఒకే మనిషి పుట్టినప్పుడు ఒకసారి, పెళ్లికి ఒకసారి, పోయినప్పుడు ఒకసారి ఎక్కుతాడు. పెళ్లయిన ఆడవాళ్లు పుట్టింటి పేరుతో పుట్టి, అత్తింటి పేరుతో పోతారు. అందుకే జననాలు మాత్రమే తీసుకోవాలి, అదీ ఐదేళ్ల ముక్కగా. చిన్న పేరులో ఒక్క ఏడాది లెక్క పైకీ కిందికీ ఊగుతుంది. 1881 చుట్టూ ఇంగ్లండ్, వేల్స్‌లలో ఏటా దాదాపు 8.8 లక్షల జననాలు. కాబట్టి 1879 నుంచి 1883 వరకు ఆ పేరుతో వచ్చిన జననాల్ని 44తో భాగిస్తే లక్ష జననాలకు ఎన్నో వస్తుంది. సరిచూసుకోవడానికి 1881 జనగణన ఉచితంగా దొరుకుతుంది. అప్పటి జనాభా దాదాపు 2.6 కోట్లు, పేరున్నవాళ్ల సంఖ్యను 260తో భాగిస్తే లక్షకు ఎంతమందో తెలుస్తుంది. రెండు నిష్పత్తులూ దగ్గరగా వస్తే లెక్క నిలబడినట్టు. చాలా తేడా వస్తే స్పెల్లింగు రూపం ఏదో వదిలేశారని అనుమానించాలి.

కౌంట్ అంకెను నమ్మే ముందు ఆ ఏడాది ఎంతవరకు టైపు చేశారో చూపే పట్టీ చూడండి. పాత ఏళ్లు దాదాపు నిండిపోయాయి, ఇటీవలి దశకాల్లో మాత్రం ఖాళీలుంటాయి. అక్కడ పేరు తగ్గిపోతున్నట్టు గ్రాఫు గీస్తే అది వాలంటీర్ల పని ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది తప్ప వంశం సంగతి చెప్పదు. ఇంకోటి, ఒకే ఎంట్రీని ఇద్దరు రెండు రకాలుగా చదివితే రెండూ కనిపిస్తాయి. చిన్న పేర్లలో జాబితాను కళ్లతో చూసి జిల్లా, సంపుటం, పేజీ ఒకటే ఉన్నవాటిని కలిపేసుకోవాలి. 1875కు ముందు జననాల్లో కొంత లోటు సహజం. నమోదు చేయించకపోతే తల్లిదండ్రులకు జరిమానా వేసే చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది.

ఏ ఏడాది నుంచి ఏ వివరం దొరుకుతుందో తెలిస్తే బోలెడంత శ్రమ తగ్గుతుంది. మరణాల్లో వయసు 1866 నుంచి ఉంటుంది. జననాల్లో తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి, వివాహాల్లో జీవిత భాగస్వామి ఇంటిపేరు 1912 నుంచి ఉంటాయి. త్రైమాసికం అంటే నమోదైన త్రైమాసికం, పుట్టినది కాదు. నమోదుకు 42 రోజుల గడువుంది కాబట్టి నవంబరు చివర్లో పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మార్చి త్రైమాసికంలో కనిపించవచ్చు.

ఎంట్రీ పక్కన కళ్లజోడు బొమ్మ నొక్కితే సూచిక పేజీ స్కాన్ తెరుచుకుంటుంది. నా దృష్టిలో ఈ సైట్‌లో అన్నిటికంటే విలువైనది ఇదే, ఉచిత సైట్‌లో ఇంత దొరకడం అరుదు. టైపు చేసినవాళ్ల తప్పయితే సవరణ పంపవచ్చు, సరిచేస్తారు. సూచికలోనే తప్పుంటే సవరించరు, ఉన్నది ఉన్నట్టు టైపు చేయడమే నియమం. దాని మీద విసుక్కునేవాళ్లున్నారు కానీ నియమం సరైందే. ఎవరికి తోచినట్టు వాళ్లు 'సరిచేస్తే' మూలం ఏమిటో ఎవరికీ తెలియకుండా పోతుంది. మీకు తెలిసిన నిజాన్ని చిన్న చీటీలా ఆ ఎంట్రీకి తగిలించే వీలుంది, అది చాలు.

లోపాలూ ఉన్నాయి. 1911కు ముందు తల్లి పేరు లేకపోవడం వల్ల ఒకే జిల్లాలో ఇద్దరు విలియం థాక్రేలు పుడితే ఎవరు ఎవరి కొడుకో చెప్పలేం. దీనికి ప్రభుత్వ జనరల్ రిజిస్టర్ ఆఫీసు వాళ్ల సొంత ఆన్‌లైన్ సూచిక వాడాలి. 2016లో వచ్చిన ఆ సూచికను రికార్డుల నుంచి కొత్తగా తయారుచేశారు, అందులో తల్లి పుట్టింటి పేరు 1837 నుంచే ఉంది. దానికి ఉచిత అకౌంటు కావాలి, ఆడా మగా ఏదో చెప్పాలి, ఒకసారికి ఐదేళ్లకు మించి వెతకనివ్వదు, మనం చెప్పిన నక్షత్రం తంత్రాలు అక్కడ చెల్లవు. కాబట్టి పేరు రూపాలు, జిల్లాలు ఫ్రీబీఎమ్‌డీలో తేల్చుకుని, కుటుంబాల్ని విడదీయడానికి అక్కడికి వెళ్లడం మంచి క్రమం. సర్టిఫికెట్టు కొనేది ఆ తర్వాతే.

బ్రిటన్‌లో పుట్టిన తెలుగు పిల్లల్ని ఇందులో వెతికేవాళ్లకు ఒక ముక్క. సర్‌నేమ్ గడిలో ఉండేది తల్లిదండ్రులు చెప్పిందే. కొందరు ఇంటిపేరు రాయిస్తారు, కొందరు తండ్రి పేరు. రెండింటితోనూ వెతకండి.

స్కాట్లండ్, ఐర్లండ్ ఇందులో లేవు. ఇండియాలో పుట్టి ఇక్కడే పోయిన ఇంగ్లిష్‌వాళ్లూ ఈ సూచికలో దొరకరు. థాకరేలకు ఇది చిన్న సంగతి కాదు. 1800లో ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్త మండలాల్లో మన్రో కింద పనిచేసి, 1807లో రైత్వారీ వైపు నివేదిక రాసిన విలియం థాకరే నవలాకారుడికి స్వయానా పెదనాన్న. 1824లో కిత్తూరు పోరులో చనిపోయిన ధార్వాడ కలెక్టర్ సెయింట్ జాన్ థాకరే బాబాయి. నవలాకారుడు పుట్టింది 1811లో కలకత్తాలో. ఇవన్నీ 1837కు ముందువి, సముద్రానికి ఇవతలివి కూడా. ఇలాంటివాళ్ల కోసం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు చర్చి రిటర్నులు చూడాలి. బాప్టిజం, పెళ్లి, ఖననం వివరాలు వాటిలో ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్/2 వరసలో, బెంగాల్‌వి ఎన్/1లో, బొంబాయివి ఎన్/3లో పెట్టారు. మచిలీపట్నం, బళ్లారి, కడప వైపు పేర్లయితే ఎన్/2 నుంచి మొదలుపెట్టండి. అక్కడ కూడా స్పెల్లింగు రూపాల జాబితా పక్కన పెట్టుకునే వెతకాలి.