తిరుపతిలో సీపాప్ మిషన్ కొంటా ఉండారా? డబ్బులు కట్టేముందు ఇది చదవండి

పేరు రాయను. హాస్పిటల్స్ లైన్లో సీపాప్ కోసం, అదే నిద్రలో మాస్క్ గుండా గాలి ఊది గొంతు దారి మూసుకుపోకుండా చూసే గురక మిషన్ కోసం తిరిగినోళ్ళకు ఏ షాపో తెలిసిపోతాది. సార్ సార్ అని కూర్చోబెట్టి బాదంపాలు తెప్పించి మరీ గొంతు కోసే సర్జికల్స్ షాపు ఒకటుండాది కదా, అదే.

నేను గురక పెడతానని నాకు తెలిసిందే ఈ మధ్య, తిరుమలలో రూములో అందరం పడుకోనుంటే మా బామ్మర్ది ఫోన్లో రికార్డ్ చేసి ఫ్యామిలీ గ్రూపులో పడేసినాడు, అందరూ నవ్వినారు గానీ మధ్యలో చప్పుడే లేకుండా ఊపిరి ఆగి మళ్ళీ గబుక్కున లాగేది విని మా ఆవిడ భయపడిపోయి ఈఎన్‌టీ దగ్గరికి లాక్కోని పోయింది. స్లీప్ టెస్ట్ చేస్తే గంటకు 22 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరగతా ఉందంట, 15 నుంచి 30 లోపలుంటే మోడరేట్ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఒక మోస్తరుగా ఉన్నట్టు. గొంతు లోపల కండరాలు నిద్రలో వదులై గాలి దారికి అడ్డం పడతాయంట. బరువు తగ్గు, మందు తాగడం మానేయ్, ఎల్లకిలా పడుకోవద్దు, సీపాప్ పెట్టుకో అన్నాడు డాక్టరు. ఆన్‌లైన్లో దొరికే ముక్కు క్లిప్పులు నీ కేసుకు పనికిరావు అని కూడా చెప్పినాడు.

సరే అని ఆ షాపుకు పోయినా. 42 వేలు. జీఎస్టీ బిల్లు అయితే రేటు పెరగతాది సార్ అని ఎస్టిమేట్ చీటీ మీద గీకిచ్చినాడు, సీరియల్ నంబర్ లేదు ఏమీ లేదు, నేను కూడా మహా తెలివిగా డబ్బు మిగిలిందని జేబులో పెట్టుకోని వచ్చేసినా.

ఇంటికొచ్చి మాస్క్ పెట్టుకుంటే ట్యూబులోంచి గుప్పున విక్స్ వాసన! కొత్త మిషన్లో విక్స్ ఎక్కడిదప్పా? నీళ్ళు పోసే తొట్టి తీసి చూస్తే అడుగున తెల్లగా ఉప్పు చారలు, మన బోరు నీళ్ళు కాగిన గిన్నెకు పట్టినట్టు. ఫిల్టర్ నల్లగా ఉండాది. మా వాడు యూట్యూబ్ చూసి సెట్టింగ్స్‌లో మిషన్ అవర్స్ తీసినాడు. 3,180 గంటలు! రాత్రికి ఏడు గంటలనుకున్నా ఎవరో సంవత్సరం పైగా వాడిన మిషన్, కవర్లో పెట్టి కొత్తదని అంటగట్టినాడు.

తెల్లారి తీసుకుపోతే వాడన్న మాట వినండి. "అది కంపెనీ టెస్టింగ్ అవర్స్ సార్." మరి విక్స్ కూడా కంపెనీవాళ్ళే పూసి టెస్టింగ్ చేసినారా అంటే, షాపులో ఇంగో నలుగురు నిలబడుండంగా, "గురక పెట్టేటోళ్ళకు ముక్కు సరిగా పని చెయ్యదు సార్, మీకు వాసన ఎట్ల తెలిసింది?" అని ఇకిలించినాడు. పక్కనున్న కుర్రోడు కూడా నవ్వినాడు. బాదంపాలు తెచ్చిచ్చింది ఈ కుర్రోడే. రిటర్న్ తీసుకో అంటే చీటీ చూపించి "దీంట్లో మిషన్ అని ఎక్కడుంది?" అంటాడు. నిజంగానే లేదు, "ఐటమ్ 1" అని రాసినాడు దొంగ నాయాలు. నాకు రక్తం మరిగిపోయింది, ఇప్పటికీ మరగతానే ఉంది.

కొనేటోళ్ళు అక్కడే ఆన్ చేయించి గంటలు చూడండి, డబ్బా మీద నంబరు మిషన్ కింద నంబరు ఒకటేనా చూసుకోండి, జీఎస్టీ బిల్లు లేకుండా పైసా ఇవ్వొద్దు. వీలుంటే ముందు అద్దెకు తెచ్చి వాడి చూడండి, మాస్క్ అందరికీ పడదు.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టినా. మిషన్ కింద సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకున్నా. ఇంట్లో పెద్దోళ్ళు వాడిన సీపాప్‌ను ఆ షాపుకు తిరిగి అమ్మినోళ్ళు ఎవరైనా ఉంటే మీ పాత బిల్లులో నంబర్ చూసి చెప్పండి, అది నా మిషనే అయితే వాడి ముందర ఆ బిల్లు పెట్టాల.