ఎసెన్షియల్ ఆయిల్స్: నాలుగేళ్లు వాడాక నా అల్మరాలో మిగిలినవి

మొన్న అల్మరా సర్దుతుంటే ఎసెన్షియల్ ఆయిల్ సీసాలు, అంటే మొక్కల నుంచి తీసే ఘాటైన సువాసన నూనెలవి, పద్దెనిమిది తేలాయి. నాలుగేళ్లలో పోగైనవి. ఒక్కో మూతా తీసి వాసన చూసి పద్నాలుగు పక్కన పెట్టేశాను. మిగిలినవి లావెండర్, టీ ట్రీ (తేయాకు కాదు, ఓ ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నూనె), నారింజ, నీలగిరి. కొనేముందు నేను చదివిన సమీక్షలన్నీ సీసా చేతికొచ్చిన మొదటి వారంలో రాసినవే. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నా.

లావెండర్ నిద్ర కోసం కొన్నాను. పనిచేస్తుంది, కానీ నిద్రమాత్రలా కాదు. పడుకోవడానికి అరగంట ముందు డిఫ్యూజర్‌లో, అంటే నూనె వేసిన నీళ్లను పొగమంచులా గదిలోకి వదిలే పెట్టెలో, మూడు చుక్కలు వేసి పెడతాను, మంచమెక్కేటప్పుడు ఆపేస్తాను. ఆ వాసన ముక్కుకు తగలగానే ఫోన్ పక్కన పెట్టేయడం అలవాటైపోయింది. ఇందులో నూనె గొప్పతనం ఎంతో, ఆ అలవాటు గొప్పతనం ఎంతో విడదీసి చెప్పలేను. బాగా టెన్షన్‌గా ఉన్న రాత్రి మాత్రం రెండూ చేతులెత్తేస్తాయి.

ఆ మూడు చుక్కల దగ్గరికి రావడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఏ వాసనకైనా ముక్కు కాసేపట్లో అలవాటు పడిపోతుంది కదా, నాకు తెలియడం లేదని చుక్కలు పెంచుకుంటూ పోయాను. మూడు ఎనిమిదయ్యాయి, అరగంట కాస్తా రాత్రంతా అయింది. తలుపులు, కిటికీలు మూసిన గది. రోజూ పొద్దున్నే తలనొప్పి. కళ్లజోడు మార్చాను, కాఫీ తగ్గించాను. ఒకరోజు అమ్మ గదిలోకి వస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఆ పొగపెట్టె ఓ వారం ఆపి చూడవే" అంది. ఆపాను. నాలుగో రోజుకి తలనొప్పి లేదు. తలనొప్పికి మంచిదని రాసున్న నూనెతోనే తలనొప్పి తెచ్చుకున్నానన్నమాట.

డిఫ్యూజర్ గురించి ఒక మాట. అడుగున నాణెమంత పళ్లెం ఉంటుంది, అది కంపిస్తేనే నీళ్లు పొగమంచులా లేస్తాయి. దాని మీద నూనె జిడ్డు, నీళ్లలోని సున్నం పేరుకుంటే పొగ సన్నబడిపోతుంది. నా మొదటిది పాడైందనుకుని పారేశాను. రెండోదీ అలాగే మొరాయిస్తే వెనిగర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఆ పళ్లెం తుడిచాను, మళ్లీ కొత్తదానిలా లేచింది. మొదటిదాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

టీ ట్రీ విషయంలో చేసిన తప్పు ముఖం మీదే కనిపించింది. మొటిమ మీద దూదితో నేరుగా అద్దాను. రెండు రోజుల్లో చర్మం ఎర్రబడి పొరలుగా లేచింది. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద చేసిన పరిశోధనలో వాడింది 5 శాతం టీ ట్రీ ఉన్న జెల్. మొటిమలకు మామూలుగా వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ మందు కంటే నెమ్మదిగానే అయినా మొటిమలు తగ్గించింది, మంట, పొర లేవడం లాంటివీ తక్కువే. నేను పూసింది నూటికి నూరు శాతం! ఇప్పుడు ముఖానికైతే పల్చన చేయడానికి వాడే జొజోబా గింజల నూనె 30 మిల్లీలీటర్లలో ఆరు చుక్కలు, అంటే దాదాపు 1 శాతం. ఒంటికైతే పన్నెండు. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూస్తాను.

పైగా అప్పుడు వాడింది మూడేళ్ల నాటి సీసా. గాలి, వెలుతురు తగిలి పాతబడ్డ నూనె చర్మాన్ని మరింత రేపుతుంది, అలర్జీ కూడా తెప్పించగలదు. వాసన టర్పెంటైన్‌లా ఘాటెక్కితే ఇక ఒంటికి పనికిరాదు. అందుకే మూత తీసిన రోజే తేదీ రాసి అంటించేస్తున్నా.

అసలు ఏ ఆశా లేకుండా కొన్న నారింజ నూనే అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. గాజు సీసాల మీద లేబుల్ పీకాక మిగిలే జిగురుంటుంది చూడండి, సబ్బుకీ గోటికీ లొంగనిది. రెండు చుక్కలు రాసి ఐదు నిమిషాలు ఆగితే చాలు, మెత్తబడి గుడ్డకు ముద్దగా వచ్చేస్తుంది. ఈ నూనెలో 90 శాతానికి పైగా లిమొనీన్ అనే పదార్థమే, అదే జిగురును కరిగిస్తుంది. కరిగించేది జిగురొక్కదాన్నే కాదు. ఓసారి చుక్క జారి థర్మకోల్ ముక్క మీద పడింది, చూస్తుండగానే గుంట పడిపోయింది. ఇంకోసారి డిఫ్యూజర్ పక్కన ఒలికింది గమనించలేదు. టేబుల్ వార్నిష్ మీద ఆ తెల్లమచ్చ ఇప్పటికీ ఉంది, దాని మీద పూలకుండీ పెట్టి నెట్టుకొస్తున్నా. అందుకే ఈ నూనెతో స్ప్రేలు కలిపితే ప్లాస్టిక్‌లో కాదు, గాజు సీసాలోనే.

ఇల్లు తుడిచే నీళ్లలో వేస్తే క్రిములు చస్తాయంటారు. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. మురికి వదిలించేది సబ్బే, నూనెతో దక్కేది అరగంట సువాసన. స్నానం నీళ్లలోనూ అంతే, తేలిన నూనె చర్మానికి నేరుగా అంటుకుని మండిస్తుంది.

దోమలకు సిట్రొనెల్లా అనే గడ్డి నూనె రాసుకుని కూర్చుంటే గంట తిరక్కుండానే కుట్టడం మొదలుపెట్టాయి, త్వరగా ఆవిరైపోతుంది మరి. గట్టిగా పనిచేసేది లెమన్ యూకలిప్టస్ నుంచి తయారుచేసే పీఎండీ అనే పదార్థం. అదే చెట్టు పేరుతో దొరికే మామూలు ఎసెన్షియల్ ఆయిల్‌లో అది అంతగా ఉండదు. పీఎండీ ఉన్నవి మూడేళ్లలోపు పిల్లలకు వాడకూడదు.

నీలగిరి జలుబుకు. చేతిరుమాలు మీద ఒక చుక్క వేసి పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది. జలుబు తగ్గడం మాత్రం దాని టైమ్‌కే తగ్గుతుంది. ఈ సీసాకు తాళం వేసి పెడతా, పిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. అక్క తన పిల్లిని తెచ్చుకున్న రోజుల్లో డిఫ్యూజర్ అసలు పెట్టను. ఈ నూనెల్లోని చాలా పదార్థాలను పిల్లుల కాలేయం సరిగా విరగ్గొట్టలేదు, అందులో టీ ట్రీ మరీ ప్రమాదం.

కొనేటప్పుడు "థెరప్యూటిక్ గ్రేడ్" (వైద్యానికి పనికొచ్చే రకం) అన్న ముద్ర చూసి మురిసిపోకండి. అది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరే, అలాంటి గ్రేడు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. నేను చూసేది మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, ముదురు రంగు గాజు. కిలో గులాబీ నూనెకు మూడు వేల కిలోలకు పైగా రేకులు కావాలి, కాబట్టి పెద్ద సీసా చవగ్గా వస్తోందంటే అందులో ఉన్నది వేరే ఏదో. లావెండర్ లాంటి పల్చటి నూనెనైతే తెల్ల కాగితం మీద చుక్క వేసి మర్నాడు చూస్తా. జిడ్డు మరక మిగిలితే ఏదో మామూలు నూనె కలిపారని అర్థం.

ఆ పద్నాలుగు సీసాల్లో పాతబడ్డ నిమ్మ నూనెలు రెండున్నాయి. వాటిని మాత్రం పారేయలేదు. గ్లవ్స్ వేసుకుని, లేబుళ్ల జిగురు వదిలించడానికి వాడేస్తున్నా.