4×5 టిన్‌టైప్ కిట్: మన ఎండకు ఆగుతుందా?

టిన్‌టైప్ అంటే నల్ల లోహపు ప్లేటు మీద, పూత తడిగా ఉండగానే (వెట్ ప్లేట్) తీసే పాతకాలపు ఫోటో. ఈ కిట్‌తో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఢోకా లేదు. ఈ వెట్ ప్లేట్ స్టార్టర్ కిట్‌లో రసాయనాలకు వంక పెట్టలేం, చిక్కంతా సూచనల పుస్తకంతోనే. అందులో లెక్కలన్నీ చలిదేశాలవి. ప్లేటు మీద పూతగా పోసే జిగట ద్రావణం కలోడియన్. అందులోని ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో డాబా మీద పోస్తే నాలుగో మూలకు చేరకముందే బిగుసుకుని చారలు కడుతుంది.

నల్ల అల్యూమినియం ప్లేట్లు మాత్రం బాగున్నాయి. పై పొర ఒలిచి, ప్లేటును ఒక మూల పట్టుకుని మధ్యలో కలోడియన్ పోయాలి. మూల నుంచి మూలకు వంచుతూ పారించి, మిగిలింది సీసాలోకి వంపేయాలి. వంపిన మూలను వేలితో తాకితే ముద్ర పడాలి, తడి అంటకూడదు. అప్పుడే సిల్వర్ బాత్‌లో ముంచాలి, మూడు నిమిషాలు. బాత్ అంటే 9 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం. బోరు నీళ్ళు కలిపారో, క్లోరైడ్ తగిలి పాలలా తెల్లబడుతుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది వద్దు. కిట్‌లో కళ్ళద్దాలు లేకపోవడం క్షమించలేని లోటు. వేలి మీద నల్లమచ్చ కొన్నాళ్ళకు పోతుంది, చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.

ప్లేటు కాంతిని పట్టే వేగం (ఐఎస్ఓ) 1 లోపే, అంటే చాలా తక్కువ. ప్లేటును కెమెరాలో పెట్టి, ఆరుబయట నీడలో లెన్సు రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర 2 నుంచి 4 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టండి. పొద్దున్నే చల్లగా ఉంటుంది గానీ ప్లేటుకు కావాల్సిన అతినీలలోహిత కాంతి తక్కువ, టైము పెంచాలి. ప్లేటు ఆరేలోపు, ఎర్రలైటు కింద డెవలపర్‌ను (బొమ్మను రప్పించే ద్రావణం) అంచు నుంచి ఒక్క ఊపున పారించాలి. మధ్యలో ఆగితే గీత పడుతుంది, కిందికి పొర్లితే వెండి దానితోపాటే పోతుంది. 15 సెకన్లకు నీళ్ళు పోసి ఆపాలి. వేడికి మసక కమ్మితే డెవలపర్‌లో ఎసిటిక్ ఆసిడ్ కాస్త పెంచి, దాని సీసాను ఐసు నీళ్ళలో పెట్టండి. పాత బాత్‌తో డెవలపర్ జిడ్డు మీద నీళ్ళలా విడిపోతుంటే డెవలపర్‌లో ఆల్కహాల్ చాలలేదన్నమాట.

బొమ్మను నిలిపే హైపో ద్రావణంలో వేయగానే నీలిపాల రంగు కరిగి బొమ్మ తేలుతుంది. కుడి ఎడమలు తారుమారు, కుంకుమబొట్టు నల్లగా, పసుపుచీర ముదురుగా. ఎరుపును ఈ ప్లేటు చూడదు, అది కిట్ తప్పు కాదు. అరగంట కడిగి ఆరబెట్టి, సాండరాక్ అనే చెట్టు జిగురుతో చేసిన వార్నిష్ పూయాలి. కిట్‌లో ఇచ్చిన వార్నిష్ సీసా మరీ బుల్లిది, ప్లేట్లకంటే ముందే అయిపోతుంది. ఇంకోటి కూడా తెప్పించుకోండి.