ఎస్పీ రోడ్డు సందులో పాత హ్యామ్ సెట్ల రిపేరు: పని ఫస్ట్ క్లాస్, టైమ్ మాత్రం అడక్కండి

పాత వాల్వు రిగ్ (గాజు వాల్వులతో నడిచే రేడియో సెట్టు) ఒకటి ఇంట్లో పడి ఉండి, దాన్ని బెంగళూరులో ఎవరి చేతిలో పెట్టాలో తెలియని హ్యాముల కోసం, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ కోసం, ఇది రాస్తున్నా. పనికి 5కి 5, టైముకి 5కి 2. మాట తీరుకి మార్కులు మీ ఓపికని బట్టి మీరే వేసుకోండి.

షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఎలక్ట్రానిక్స్ భాగాలు దొరికే ఎస్పీ రోడ్డు వెనక సందులో, మొదటి అంతస్తులో ఒక గది, సగం మెట్ల మీద కూడా డబ్బాలే. బోర్డు లేదు. సందు గుర్తులు ఇక్కడ రాయను, ఆయనకి జనం ఎక్కువైతే చిరాకు, పైగా ఊళ్ళో పాత హ్యాముల్లో ఎవర్నడిగినా దారి చెప్తారు. హిందూపురం వైపు మనిషి, బెంగళూరు వచ్చి చాలా ఏళ్ళయింది, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టి మళ్ళీ తెలుగులోకి వస్తారు. నేను పెద్దాయన అనే అంటా.

నేను తీసుకెళ్ళింది యాయేసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-101ఈ. తెలియనివాళ్ళకి: 70ల నాటి జపాన్ సెట్టు, రిసీవర్ అంతా ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌మిటర్ చివర మాత్రం మూడు వాల్వులు, ఒక 12బీవై7ఏ డ్రైవరు, రెండు 6జేఎస్6సీ ఫైనల్సు (సిగ్నల్‌ని చివర్న పెంచి యాంటెన్నాకి పంపేవి). ఈ 6జేఎస్6సీ అసలు రేడియో కోసం పుట్టిన వాల్వే కాదు, కలర్ టీవీల్లో పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ కిరణాన్ని అడ్డంగా స్వీప్ చేయడానికి వాడేది, అప్పట్లో చవగ్గా దొరికేది కాబట్టి రేడియో కంపెనీలు వాడేసుకున్నాయి. సెట్టు బరువు 15 కిలోల దాకా ఉంటుంది, కాబట్టి మెట్రోలో మోసుకెళ్ళే ఐడియా మానుకుని ఆటో ఎక్కండి. కారు తీసుకెళ్తే ఆ ఏరియాలో పార్కింగ్ వెతుక్కోవడంతోనే పొద్దు గుంకుతుంది.

సెట్టు కొన్నది మన హ్యాముల స్వాప్ మీట్‌లో, అంటే పాత సెట్లు అమ్ముకునే, మార్చుకునే సంతలో. టేబుల్ వెనక ఉన్నాయన 'టెస్టెడ్, వర్కింగ్, ఫుల్లీ మోడిఫైడ్ సార్' అని ఆ చివరి మాట మీద ఒత్తి మరీ చెప్పాడు. నేను ఆ మాట పట్టుకునే రేటు తగ్గించమన్నా. ఆయనకి అర్థం కాలేదు, మోడిఫికేషన్‌కి ఎక్స్‌ట్రా ఇవ్వాలి కదా అన్నాడు. ఈ రివ్యూలో నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతా. ఎవరూ చెయ్యి పెట్టని సెట్టు చచ్చి ఉన్నా సరే, సర్క్యూట్ డయాగ్రమ్ ముందు పెట్టుకుని ఒక్కో పాయింట్ దగ్గర వోల్టేజీ కొలుచుకుంటూ పోతే ఎక్కడో అక్కడ దొరుకుతుంది. ఎవరో ఏదో మార్చి, ఏం మార్చారో రాసిపెట్టని సెట్టుకి ఆ డయాగ్రమ్ పనికిరాదు. పుస్తకం ఒకటి చెప్తుంది, లోపల ఇంకొకటి ఉంటుంది. అలాంటిది ఇవాళ పనిచేస్తున్నా నా లెక్కలో చచ్చిన సెట్టు కంటే తక్కువ ధరే పలకాలి. స్వాప్ మీట్లలో జరిగేది మాత్రం ఉల్టా. కొత్తగా పరీక్ష పాసైన కుర్రాళ్ళు డయల్ వెలిగితే చాలు జేబులో చెయ్యి పెడుతున్నారు, కింది మూత విప్పి చూపించమని అడిగేవాడే లేడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళండి. మూత విప్పనివ్వని అమ్మకందారుకి దండం పెట్టి పక్క టేబుల్‌కి పొండి.

పెద్దాయన దగ్గరికి వస్తే, సెట్టు బల్ల మీద పెట్టగానే ప్లగ్గు పెట్టబోయా, చెయ్యి పట్టుకుని ఆపేశారు. ముందు మూతలు రెండూ తీసి, టార్చి వేసి, టంకం పెట్టిన చోట్లన్నీ చూశారు. కంపెనీ టంకం ఏది, తర్వాత ఎవరో పెట్టింది ఏది ఆయనకి చూడగానే తెలిసిపోతుంది. 'ఎవరు చేసినారప్పా ఇది?' అని అడిగి, నేను నోరు తెరిచేలోపే 'నువ్వు కాదులే' అన్నారు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వచ్చే వైపు) చూశారు. ఈ సెట్టుకి 100 వోల్టుల నుంచి 234 దాకా ట్యాపింగులు ఉంటాయి, అమెరికా నుంచి వచ్చినవి 117కి కట్టి ఉంటాయి, చూసుకోకుండా మన 230లో పెడితే కథ అక్కడితో ముగుస్తుంది. నాది 234కే ఉంది గానీ ఫ్యూజు హోల్డర్‌లో ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి ఉంది. దాన్ని పీకి నా చేతిలో పెట్టి ఏమీ అనలేదు. తిట్టి ఉంటేనే నయం.

ఇక ఆ 'ఫుల్లీ మోడిఫైడ్' ఏంటో ఆయన ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించారు. 6జేఎస్6సీలు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా రేటు మండుతుంది కాబట్టి చాలామంది వాటి స్థానంలో 6146బీలు వేస్తారు. ఆలోచన తప్పేం కాదు, 6146 ట్రాన్స్‌మిటర్ల కోసమే తయారైన వాల్వు, గట్టిది. కానీ దాని కాళ్ళ అమరిక వేరు, 12 పిన్నుల సాకెట్ తీసేసి 8 పిన్నులది పెట్టాలి, బయాస్ (వాల్వు ఎంత కరెంటు లాగాలో అదుపు చేసే వోల్టేజీ) వేరు, స్క్రీన్ వోల్టేజీ వేరు, న్యూట్రలైజేషన్ (వాల్వు తనంతట తానే ఊళ పెట్టకుండా చేసే సర్దుబాటు) మొదట్నుంచీ మళ్ళీ చేసుకోవాలి. నా సెట్టులో సాకెట్లు మార్చారు, మిగతావన్నీ దేవుడికి వదిలేశారు. పైగా బ్యాండ్ స్విచ్‌లో 11 మీటర్ల స్థానం దగ్గర ఒక జంపరు, అంటే ఎవరో దీన్ని 27 మెగాహెర్ట్జ్ మీద వాడారన్నమాట. మన దేశంలో ఆ సిటిజన్ బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేనిది 5 వాట్ల వరకే, దాని మీద ఇలాంటి సెట్టుతో అరవడం నేరం.

ఆయన సలహా ఒక్క ముక్కలో: '6146 కావాలంటే 6146తో వచ్చిన సెట్టు కొనుక్కో, దీన్ని దీనిలా ఉండనీ.' నిజమే, అదే కంపెనీ తర్వాత తెచ్చిన ఎఫ్‌టీ-101జెడ్‌డీలో ఫ్యాక్టరీ నుంచే 6146బీలు ఉంటాయి, కెన్‌వుడ్ టీఎస్-520లో దాని సమానమైన ఎస్2001లు ఉంటాయి. స్వాప్ మీట్‌లో ఇవీ కనబడతాయి. మొదటిసారి వాల్వు సెట్టు కొనేవాళ్ళు 101ఈ కంటే వీటివైపు చూడటం మేలని నా ఉద్దేశం కూడా.

నా సెట్టుని మాత్రం మళ్ళీ అసలు రూపానికి తెమ్మన్నా. చెడిపోయిన ఇంకో సెట్టు ఛాసిస్ నుంచి 12 పిన్నుల సాకెట్లు తీసి వేశారు. వాల్వుల జత ఎక్కడో పాత హ్యామ్ ఇంటి అటక మీద నుంచి తెప్పించారు, ఎన్‌ఈసీవి. ఈ సెట్టు న్యూట్రలైజేషన్ అంతా ఎన్‌ఈసీ వాల్వులకి తగ్గట్టు చేసింది, వేరే కంపెనీవి వేస్తే ఒక్కోసారి ఎంత తిప్పినా కుదరదు. ఆ తర్వాత నేను అడగకుండానే మార్చినది ఒకటుంది, 101 వాడే ప్రతివాళ్ళూ తెలుసుకోవాలి: డ్రైవర్ ప్లేటు నుంచి ఫైనల్స్ గ్రిడ్డుకి (వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలికి) వెళ్ళే చిన్న కప్లింగ్ కెపాసిటర్. అటువైపు వందల వోల్టులు, ఇటువైపు గ్రిడ్డుకి నెగెటివ్ బయాస్. ఏళ్ళు గడిచి ఆ కెపాసిటర్ లీకైతే పాజిటివ్ వోల్టేజీ గ్రిడ్డు మీదికొచ్చి బయాస్‌ని మింగేస్తుంది, ఫైనల్స్ అదుపు లేకుండా కరెంటు లాగి ప్లేట్లు ఎర్రబడి చచ్చిపోతాయి. కొత్త వాల్వులు వేసినా మళ్ళీ అదే గతి. పది రూపాయల భాగం, దాని వెనక వేలు పోతాయి. ఎక్కువ వోల్టేజీ తట్టుకునేది వేయించండి.

కరెంటు ఇచ్చే పద్ధతి కూడా చూడాల్సిందే. ముందు సిరీస్ బల్బు (సెట్టు ఎక్కువ కరెంటు లాగకుండా అడ్డుకునేది), తర్వాత డిమ్మర్‌స్టాట్ మీద మెల్లిగా వోల్టేజీ పెంచుతూ పాత ఎలక్ట్రోలిటిక్‌లు వేడెక్కుతున్నాయా అని వేలితో కాదు, మీటరుతో చూస్తారు. లోపల 600 వోల్టులు తిరుగుతుంటాయి, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో మిగిలి ఉంటాయి, ఆయన ప్రతిసారీ రెసిస్టర్ కట్టిన తీగతో డిశ్చార్జ్ చేశాకే లోపల చెయ్యి పెట్టారు. హీటర్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి మొదట రిసీవర్ మాత్రం సరిచేశారు. ఈ సెట్టులో బోర్డులు ఊడదీసి పెట్టేవి, వాటి అంచుల్లో కాంటాక్టులు మసకబారి సగం రోగాలు అక్కడ్నుంచే వస్తాయి, కాబట్టి అన్నీ పీకి తుడిచి పెట్టారు. ఆఖర్న బయాస్ తిప్పి ఖాళీ కరెంటు 60 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబెట్టి, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) మీద ట్యూన్ చేసి చూపించారు. ఒక్కోసారి పది సెకన్లకి మించి కీ నొక్కి ఉంచొద్దని నాలుగుసార్లు చెప్పారు. స్వీప్ వాల్వులు అంతకంటే తట్టుకోవు, ట్యూనింగ్ నేర్చుకునే రోజుల్లోనే చాలామంది వాటిని కాల్చేసుకుంటారు.

కానీ నేను 5కి 5 ఇచ్చింది వీటన్నిటికీ కాదు. సెట్టు తిరిగి ఇచ్చేటప్పుడు ఒక ప్లాస్టిక్ కవరులో తీసేసిన పాత భాగాలన్నీ, దాంతోపాటు రూళ్ళ కాగితం ఒకటి ఇచ్చారు. ఏ భాగం, పాత విలువ ఎంత, కొత్తది ఎంత, ఎందుకు మార్చాను, మూడు రంగుల పెన్నుతో. రేపు నేను దీన్ని ఎవరికైనా అమ్మినా ఆ కాగితం సెట్టుతోనే పోతుంది. పెద్ద షోరూములో ఏసీ గదిలో సర్వీసు చేయించినా నాకు ఇంతవరకు ఎవరూ ఇలాంటి కాగితం ఇవ్వలేదు.

ఇక తిట్టుకోవాల్సినవి. ఎండాకాలంలో ఇచ్చిన సెట్టు దసరా దాటాక చేతికొచ్చింది. ఫోన్ ఎత్తరు. వెళ్ళి అడిగితే 'నీ సెట్టు ఎక్కడికీ పోదులే' అంటారు, అది నిజమే, చాలాకాలం బల్ల మీద అదే చోట ఉంది. బిల్లు ఇవ్వరు. వాల్వులకి గ్యారంటీ లేదు, అది న్యాయమే గానీ ముందే చెప్పి ఉంటే బాగుండేది. డబ్బు విషయం కొస్తే మజూరీ తక్కువే, వాల్వుల జతకి మాత్రం మజూరీకి రెట్టింపు పైనే అయింది. కొత్త కాలం సెట్లు, చిన్న చిన్న ఎస్‌ఎమ్‌డీ భాగాలున్నవి ముట్టుకోరు, కళ్ళు కనబడవంటారు.

ఇంకొకటి, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. 101లో 10 మెగాహెర్ట్జ్ స్థానం ఒకటుంది, టైమ్ సిగ్నల్ స్టేషన్లు వినడానికి పెట్టింది, అందులో వినడం మాత్రమే. 1979 ప్రపంచ రేడియో సదస్సులో హ్యాములకి 30, 17, 12 మీటర్ల బ్యాండ్లు వచ్చాయి, ఈ సెట్టు అంతకుముందుది కాబట్టి అవి ఇందులో లేవు. ఆ 10 మెగాహెర్ట్జ్ స్థానాన్ని కాస్త మార్చి 30 మీటర్లలో మోర్స్ పంపేలా చేసుకోవడం చాలాకాలంగా అందరూ చేసే మార్పే. అడిగా. బ్యాండ్ స్విచ్ వేఫర్ల మీద కొత్తగా టంకం పెట్టనని ఖరాఖండిగా చెప్పేశారు. రాసిపెట్టి, వెనక్కి తీసేలా చేస్తే ఏం నష్టం అన్నా, వినలేదు. సెట్టు నాది, ఆ మాత్రం హక్కు నాకు ఉండాలి. పనికిచ్చిన మార్కులు తగ్గించలేదు గానీ, ఈ ఒక్క విషయంలో నాకు ఇంకా అలకే.

సెట్టు ఇప్పుడెలా ఉందంటే, 40 మీటర్లలో వాట్‌మీటర్ మీద 100 దాటి వస్తోంది, 10 మీటర్లలో తక్కువ, అది ఈ సెట్టు స్వభావం. ఆన్ చేశాక అరగంట దాకా వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీని నిలబెట్టే సర్క్యూట్) కాస్త జరుగుతుంది, అందుకని కాఫీ పెట్టుకునే ముందే స్విచ్ వేస్తున్నా. పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్ మీద విజయవాడ ఓఎమ్ (హ్యాముల భాషలో 'ఓల్డ్ మ్యాన్', తోటి హ్యామ్) ఒకాయన ఆడియో బాగుందని చెప్పి, ఏం రిగ్ అని అడిగి, చెప్పగానే ఫైనల్స్ రేటు అడిగాడు.

లైసెన్స్ ఇంకా కొత్తగా ఉన్నవాళ్ళు, వీయూ3 కాల్‌సైన్ (కింది గ్రేడు లైసెన్స్‌కి ఇచ్చే రేడియో గుర్తింపు పేరు) వాళ్ళు, ఈ షాపు వైపు తొందరపడొద్దు. మన హైదరాబాదు అష్హర్ ఫర్హాన్, వీయూ2ఈఎస్‌ఈ, బిట్‌ఎక్స్ అనే చిన్న సెట్టు డిజైన్‌ని మామూలుగా దొరికే భాగాలతో ఇంట్లోనే కట్టుకునేలా తయారుచేశారు. దాంతో మొదలుపెడితే 600 వోల్టుల భయం లేదు, ఎక్కడ ఏముందో మీకే తెలుస్తుంది. వాల్వుల మోజు అప్పటికీ తీరకపోతే రండి.

వచ్చేవాళ్ళకి: పొద్దున 11 తర్వాతే తెరుస్తారు. ఆదివారం ఉండరు, సండే బజారులో పాత ఇనుము మధ్య వాల్వులు ఏరుకుంటూ ఉంటారు, అక్కడ పలకరిస్తే మాట్లాడతారు గానీ పని ఒప్పుకోరు. లైసెన్స్ కాపీ తీసుకెళ్ళండి, అది చూడకుండా ట్రాన్స్‌మిటర్ ముట్టుకోరు. సర్క్యూట్ డయాగ్రమ్ ప్రింటు కూడా పెద్ద సైజులో తీసుకెళ్ళండి, ఫోన్‌లో చూపిస్తే కోపం వస్తుంది. డబ్బు నోట్లే, యూపీఐ లేదు.