48 వోల్టుల మోటార్ కిట్, ఆటోనగర్ పెయింటింగ్: ఇంట్లో కట్టిన గోకార్ట్ మీద నా రివ్యూ

ఎలక్ట్రిక్ గోకార్ట్ (నేలబారున కూర్చుని తోలే చిన్న నాలుగు చక్రాల బండి) సొంతంగా కడదామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కనిపించేది ఈ కిట్టే. ఎంవై1020 రకం బ్రష్ మోటార్, దానికి వెళ్ళే కరెంటుని అదుపు చేసే కంట్రోలర్, కాలితో తొక్కే థ్రాటిల్, బ్రేక్ లివర్, తాళం స్విచ్, చైను, వెనక ఇరుసుకి బిగించే పళ్ళ చక్రం, అన్నీ ఒకే డబ్బాలో వస్తాయి. మోటార్ మీద 48 వోల్టులు, 1000 వాట్లు, 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని రాసి ఉంటుంది. నాకు 8 వేల పైచిలుకు పడింది. ఈ నంబరుతో మోటార్లు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి మీకు వచ్చే డబ్బాలో వస్తువులు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. ఉండేది విజయవాడ పటమటలో. పన్నెండేళ్ళ మా అమ్మాయికి బండి కావాలి, నాకేమో తను ఆ బండి కడుతూ కరెంటు గురించి నేర్చుకోవాలి. అందుకే తయారైన కార్ట్ కొనకుండా కిట్ తీసుకున్నాం. వేసవి మొదట్లో పని మొదలుపెట్టాం, రంగుతో సహా బళ్ళు తెరిచేలోపు పూర్తయింది. వానాకాలమంతా మా బావగారి రైస్ మిల్లు ఆవరణలో తిరిగింది. అంత వాడాకే ఇది రాస్తున్నాను.

మోటార్ బాగుంది. పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేసింది. ఐదు కిలోల బరువుంటుంది, బిగించడానికి అడుగున నాలుగు బోల్టులు, లోపల శాశ్వత అయస్కాంతాలు, రెండే రెండు వైర్లు. ప్లస్, మైనస్ తిరగేసి ఇస్తే వెనక్కి తిరుగుతుంది. పిల్లలకి మోటార్ ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఇంతకన్నా తేలికైనది లేదు. తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగితే మనమే మార్చుకోవచ్చు.

పేచీ అంతా పళ్ళ చక్రం దగ్గర. అమ్మేవాళ్ళు గంటకి 40 కిలోమీటర్లు పోతుందని రాశారు. లెక్క చూస్తే అది అబద్ధమేమీ కాదు. మోటార్ మీద 11 పళ్ళు, వాళ్ళిచ్చిన వెనక చక్రానికి 44. అంటే నాలుగింట ఒక వంతు వేగం. 3000లో నాలుగో వంతు 750. పదకొండు అంగుళాల టైరు ఒక్క చుట్టు తిరిగితే 88 సెంటీమీటర్లు ముందుకెళుతుంది. గుణిస్తే 40 దగ్గరికే వస్తుంది. కానీ ఆ వేగం అందుకునేదాకా మోటార్ ఏం అవస్థ పడుతుందో ఆ ప్రకటనలో లేదు.

డీసీ మోటార్ తిరగడం మొదలెట్టాకే లోపల ఎదురు వోల్టేజీ పుడుతుంది. వేగం పెరిగేకొద్దీ అది పెరిగి, మోటార్ లాగే కరెంటు తగ్గుతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ ఎదురు ఉండదు కాబట్టి కంట్రోలర్ ఎంత ఇవ్వగలిగితే అంతా లాగేస్తుంది. ఈ మోటార్ నిలకడగా తట్టుకునేది 27 ఆంపియర్ల దాకానే. 44 పళ్ళ చక్రంతో బండి నెమ్మదిగా వేగం అందుకుంటుంది, అంతసేపూ మోటార్ ఆ హద్దు మీదే ఉంటుంది. అప్పుడు తీసుకున్న పవర్‌లో చాలా భాగం వేడిగా పోతుంది. పిల్లలు తోలేది ఎలాగంటే తొక్కడం, ఆపడం, మలుపు తిప్పడం, మళ్ళీ తొక్కడం. మోటార్‌కి ఇదే అన్నిటికన్నా కష్టమైన వాడకం.

అందుకని ఆటోనగర్‌లో గేర్ కటింగ్ చేసే షాపులో అదే చైనుకి సరిపడేలా 72 పళ్ళ చక్రం కోయించాం. దాంతో వేగం గంటకి 24కి దిగింది, లాగే బలం ఒకటిన్నర రెట్లకి పైగా పెరిగింది. మా అమ్మాయి బరువుతో మిల్లు ర్యాంపు మీద ఆగిపోయి మళ్ళీ అక్కణ్ణించే బయల్దేరుతుంది. అరగంట ఏకబిగిన తోలాక మోటార్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుందే తప్ప తీసేయాల్సినంత వేడెక్కదు. ఈ కిట్ కొనేవాళ్ళు ఇంకేం మార్చినా మార్చకపోయినా ఈ చక్రం మాత్రం మార్చండి. పన్నెండేళ్ళ పిల్లకి నేలకి జానెడు ఎత్తులో కూర్చుని 24లో పోతే చాలు.

కంట్రోలర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మూత విప్పి చూస్తే లోపల కెపాసిటర్ల మీద 63 వోల్టులని ఉంది, అవి తట్టుకునే హద్దు అది. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 16 సెల్స్ పెడితే నిండుగా ఛార్జ్ అయినప్పుడు 58.4 వోల్టులు వస్తుంది. నడుస్తుంది గానీ మరీ అంచున ఉన్నట్టు. నేను 15 సెల్స్ బ్యాటరీ కట్టించుకున్నాను. అది నిండితే 54.75 దగ్గర ఆగుతుంది. 20 ఆంపియర్ అవర్ల ప్యాక్, బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్‌తో కలిపి 20 వేలకి అటూ ఇటూ అయింది. పిల్లల తోలకానికి గంటన్నర వస్తోంది.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. బ్రష్ మోటార్ కంట్రోలర్‌లో కరెంటుని తెంపుతూ కలుపుతూ ఉండేవి మాస్‌ఫెట్‌లు. అవి కాలిపోయినప్పుడు తరచుగా లోపలే షార్ట్ అయిపోతాయి. అప్పుడు బ్యాటరీ నేరుగా మోటార్‌కి కలిసినట్టే. కాలు తీసినా బండి పూర్తి వేగంతో పోతుంది. కిట్‌లో ఇచ్చిన తాళం స్విచ్ కంట్రోలర్ లోపలి చిన్న సర్క్యూట్‌ని మాత్రమే ఆపుతుంది, కాబట్టి తాళం తిప్పినా లాభం లేదు. బ్రేక్ నొక్కితే మోటార్‌ని ఆపడానికి లివర్‌లో పెట్టిన కటాఫ్ స్విచ్ కూడా అంతే. ఈ-రిక్షాల్లో వాడే, బ్రష్‌లు లేని బీఎల్‌డీసీ మోటార్ అయితే ఒక మాస్‌ఫెట్ షార్ట్ అయినా మోటార్ పట్టేసినట్టు బిగుస్తుందే తప్ప పరిగెత్తదు. కిట్‌తో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. పిల్లలు తోలే బండి కిట్‌లో ఇది రాయకపోవడం నాకు కోపం తెప్పించింది.

మేం ఏం చేశామంటే, బ్యాటరీ ప్లస్ వైరులోనే 48 వోల్టుల డీసీ కాంటాక్టర్ (పెద్ద కరెంటుని తెంపే రిలే లాంటిది) పెట్టి, దాని కాయిల్‌ని స్టీరింగ్ పక్కన పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఒక ఎర్ర ఎమర్జెన్సీ స్విచ్‌కి ఇచ్చాం. దాన్ని కొడితే బ్యాటరీయే తెగిపోతుంది. అలాంటిదే ఇంకొకటి సీటు వెనక, పెద్దవాళ్ళకి అందేలా. మా అమ్మాయి బండెక్కగానే కాస్త కదిలించి ముందు ఆ స్విచ్ కొట్టి చూస్తుంది, చక్రాలు ఆగితేనే బయల్దేరుతుంది.

ఫ్యూజు సంగతీ అలాంటిదే. కార్లలో వాడే రంగురంగుల ఫ్యూజులు మామూలుగా 32 వోల్టుల కోసం చేసినవి, 48కి పనికిరావు. ఇంట్లో వాడే ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తనే పడిపోయే స్విచ్) ఏసీది. ఏసీలో కరెంటు సెకనుకి వంద సార్లు సున్నా అవుతుంది కాబట్టి నిప్పురవ్వ తనంతట తాను ఆరుతుంది, డీసీలో అంత తేలిగ్గా ఆరదు. సోలార్ ప్యానెల్ సామాన్లు అమ్మే షాపులో డీసీ ఎంసీబీ అని అడగండి, ఇస్తారు. కిట్‌తో వచ్చిన బ్యాటరీ వైర్లు సన్నం. వాటిని తీసేసి 6 స్క్వేర్ (6 చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు వేసి, లగ్గులు క్రింప్ చేయించాం. పాత వైర్లతో కనెక్టర్ దగ్గర ప్లాస్టిక్ మెత్తబడడం మొదలైంది. అమ్మినవాళ్ళకి ఫొటో పంపితే బదులు రాలేదు.

ఫ్రేము మా వీధిలో గేట్లు చేసే వెల్డర్ చేశారు. అంగుళం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు, 14 గేజి. 25 ఎంఎం ఇరుసు, దానికి పిల్లో బ్లాక్ బేరింగులు. మలుపులో రెండు వెనక చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపుల్లో ఈడ్చకుండా వెనక ఒక్క చక్రానికే పవర్ ఇచ్చాం. గేట్లు చేసేవాళ్ళకి పని అయిపోగానే రెడ్ ఆక్సైడ్ కొట్టి ఇవ్వడం అలవాటు. వద్దని ముందే గట్టిగా చెప్పండి. ఎందుకో పెయింటర్ దగ్గరికి వెళ్ళాక తెలిసింది.

ఆ పెయింటర్ గురించి రాయడానికే అసలు ఈ రివ్యూ మొదలుపెట్టాను. ఆటోనగర్‌లో చిన్న షెడ్డు, పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు. ఆయన పేరు రాయను, అడక్కుండా రాస్తే బాగుండదు. పౌడర్ కోటింగ్ చేయిద్దామా అని ముందు అడిగాను. "చేయించండమ్మా, గట్టిగా ఉంటది. కాకపోతే పెచ్చు లేస్తే ఇంట్లో కూర్చుని టచింగ్ చేసుకోలేరు. పిల్లల బండి, గుద్దకుండా ఉంటదా?" అన్నారు. దాంతో పీయూ (పాలీయురేథేన్) పెయింట్‌కే ఒప్పుకున్నాం.

ఫ్రేము దించగానే ఆయన చూసింది అతుకులు. వెల్డింగ్ గరుకుగా ఉంది, లప్పం పెట్టి నున్నగా చేస్తారనుకున్నాను. "అతుకు మీద లప్పం పెట్టనమ్మా. రేపు వెల్డింగ్ చిట్లితే గీత పైకి కనపడాలి. లప్పం దాచేస్తది. పాప కూర్చునే బండి కదా" అన్నారు. ఎగిరిపడిన వెల్డింగ్ చుక్కలు గ్రైండర్‌తో తీయించి, అతుకుని అతుకులాగే వదిలేశారు. ఇప్పటికీ నెలకోసారి బండి తిరగేసి ఆ అతుకులన్నీ మేమిద్దరం టార్చి వేసి చూస్తాం. రంగు పల్చగా, సమంగా ఉంది కాబట్టి వెంట్రుకంత గీత పడినా తెలుస్తుంది.

రెడ్ ఆక్సైడ్ ఎందుకు వద్దన్నారంటే, పీయూ థిన్నర్ ఘాటుకి కింద ఉన్న రెడ్ ఆక్సైడ్ ఉబ్బి ముడతలు పడుతుందట. కొత్త పైపు మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది. దాన్ని థిన్నర్ గుడ్డతో, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిపించారు. 120 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, తర్వాత 220. ఆ పైన ఎపాక్సీ ప్రైమర్. మర్నాడు 400 నంబరు నీళ్ళ ఎమరీ కాగితం. బేరింగ్ కూర్చునే చోట్లు, బోల్టులు దిగే మరల పళ్ళు, అన్నిటికీ టేపు చుట్టారు. అక్కడ రంగు పడితే బేరింగు సరిగ్గా కూర్చోదు.

రంగు మా అమ్మాయి ఎంపిక, పాలపిట్ట నీలం. ఫోన్‌లో ఫొటో చూపించింది. ఆయన నవ్వి, "ఫోన్‌లో రంగు నమ్మకు పాపా, ఫోనుకో రంగు కనపడతది" అని మమ్మల్ని రంగులు కలిపే షాపుకి పంపారు. పాలపిట్ట రెక్కలో రెండు నీలాలు ఉంటాయి, ఒకటి ముదురు, ఒకటి లేత. షేడ్ కార్డు ఎండలోకి తీసుకెళ్ళి రెండూ ఎంచుకుంది. ముదురుది ఫ్రేముకి, లేతది పక్క ప్యానెళ్ళకి.

పైపు ఫ్రేముకి రంగు కొట్టడం చూసేదాకా అందులో ఇంత పని ఉందని నాకు తెలియదు. దూలానికి ఇనుప తీగతో వేలాడదీశారు. ముందు అతుకుల లోపలి మూలలు, తర్వాత అడుగు, చివరికి పైన కనపడే భాగం. పైన ముందు కొడితే, మూలలకి కొట్టేటప్పుడు ఎగిరే పొడి తడి రంగు మీద పడుతుందట. మే నెల ఎండకి థిన్నర్ గాల్లోనే ఎగిరిపోయి రంగు బత్తాయి తొక్కలా తేలుతుందని, నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపి పొద్దున్నే కొట్టారు. ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య గడియారం చూడలేదు. టేపు మీద పడిన రంగుని వేలితో తాకి, అంటుకుంటూనే తీగ సాగకుండా ఉన్నప్పుడు తర్వాతి కోటు. నేను చూసుకుంటే పది, పదిహేను నిమిషాలు పట్టింది.

ఒక్క విషయంలో ఆయనతో వాదించాను. పీయూ రంగు గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి. ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని కొడుతున్నారు. కార్ట్‌రిడ్జ్ మాస్కులు మూడు కొనుక్కెళ్ళి, ఇవి పెట్టుకుంటేనే మా బండి కొట్టండి మేస్త్రి గారూ అన్నాను. పెట్టుకున్నారు. మీరు ఎక్కడ కొట్టించినా ఇది అడగండి. బండి ఖర్చులో అది ఏపాటిది!

పెయింటింగ్‌కి సామానుతో కలిపి 6 వేలు తీసుకున్నారు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, కార్ల పని మధ్యలో మాది వెనక్కి పోయింది. అది తప్ప ఫిర్యాదు లేదు. వానల్లో తిరిగాక కూడా తుప్పు ఎక్కడా రాలేదు. చైను వైపు, రాళ్ళు తగిలే ముందు భాగంలో చిన్న పెచ్చులు లేచాయి. మిగిలిన రంగు ఆయన చిన్న సీసాల్లో పోసి, హార్డెనర్ విడిగా ఇచ్చారు. ఎంత పాళ్ళలో కలపాలో సీసా మీదే రాశారు. మా అమ్మాయి సన్న కుంచెతో తనే దిద్దుకుంటోంది.

ఇక ఎవరు కొనొచ్చంటే, నలభై, యాభై కిలోల లోపు పిల్లల కోసం, కాంపౌండు లోపల తిప్పడానికి అయితే ఈ కిట్ కొనండి. వెయ్యి వాట్ల బండిని రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించకూడదు, వీధి చివరిదాకా కూడా వద్దు. పెద్దవాళ్ళు తోలడానికి అయితే దీన్ని వదిలేసి ఈ-రిక్షా బీఎల్‌డీసీ మోటార్ చూసుకోండి, సామాన్లు చాలా ఊళ్ళలో దొరుకుతాయి. మోటార్, కంట్రోలర్, థ్రాటిల్ మాత్రమే విడిగా ఇస్తారేమో అడగండి. ఇస్తే ఆ మిగిలిన డబ్బు కాంటాక్టర్, డీసీ ఎంసీబీ, 6 స్క్వేర్ వైరు ఖర్చుకి కలిసొస్తుంది.