పాట్రీషియా చెస్ ఇంజిన్: నెల రోజులు ఆడాక చెప్తున్నా

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ. మా అక్క కొడుకు తొమ్మిదో క్లాసు, చెస్ టోర్నమెంట్లు ఆడుతున్నాడు, సాయంత్రం స్కూల్ అవ్వగానే మా ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఇన్నాళ్ళూ స్టాక్‌ఫిష్‌తోనే (బాగా బలమైన చెస్ ఇంజిన్, అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్) ఆడించేవాడిని. ఓ రోజు గేమ్ మధ్యలో లేచిపోయి "ఏటి మావయ్యా ఇది, ఎటాకే చెయ్యదు, నేనెక్కడో చిన్న తప్పు చేస్తే పట్టుకుని నలభై మూవ్‌లు పిండుతాది" అన్నాడు. వాడు చెప్పింది నిజమే అనిపించింది, అందుకే ఎటాకింగ్ ఇంజిన్ల కోసం వెతికితే ఇది దొరికింది.

ఆడమ్ కుల్జు అనే ప్రోగ్రామర్ రాసిన ఇంజిన్ ఇది, ఫ్రీ, ఓపెన్ సోర్స్. దూకుడుగా ఆడాలనే ఉద్దేశంతోనే కట్టింది. దీనికి సొంత బోర్డు ఉండదు, బోర్డు చూపించే ఆరీనా గానీ క్యూట్ చెస్ గానీ వేసుకుని అందులో ఇంజిన్‌ని కలపాలి. ప్రాసెసర్‌ని బట్టి వేరే వేరే ఫైళ్ళు ఉంటాయి, పాత ల్యాప్‌టాప్ అయితే ఏవీఎక్స్2 (ప్రాసెసర్‌లో ఉండే ఒక ఫీచర్) సపోర్ట్ ఉందో లేదో ముందే చూసుకోండి, లేకుండా ఆ ఫైల్ పెడితే ఓపెనే అవ్వదు. నాకు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అమ్మిన షాపతను అన్నీ పనిచేస్తాయి సార్ అని పంపించేశాడు, తీరా చూస్తే అది లేదు, తమ్ముడి ల్యాప్‌టాప్ తెచ్చుకోవాల్సొచ్చింది, ఒక ఆదివారం మొత్తం దీనికే పోయింది.

ఇంక ఆట సంగతి. మొదటి రోజే మావాడు బ్లాక్‌తో కూర్చున్నాడు, రాజుపక్క క్యాస్లింగ్ చేశాడు, అవతలి బంటు ఈ5 (e5) గడికి వచ్చి వీడి గుర్రాన్ని ఎఫ్6 నుంచి తరిమేసింది. వెంటనే బిషప్ వచ్చి హెచ్7లో బంటుని కొట్టింది, చెక్. బిషప్‌ని తిన్నాడు. గుర్రం జీ5కి దూకింది, మళ్ళీ చెక్. రాజుని వెనక్కి జీ8కి తెస్తే క్వీన్ హెచ్5లో దిగుతుంది, జీ6కి ఎక్కితే నడిరోడ్డు మీద నిలబడ్డట్టే. వాడు పది నిమిషాలు కదల్లేదు, వాళ్ళమ్మ టీ, బజ్జీలు తెచ్చి పక్కన పెట్టినా చెయ్యి పెట్టలేదు. చివరికి మేట్ అయిపోయాడు, అయినా మొహం వెలిగిపోతోంది, "ఇంకో గేమ్ పెట్టు మావయ్యా" అన్నాడు.

రాత్రి అదే గేమ్ స్టాక్‌ఫిష్‌కి ఇచ్చి చూశాను. ఆ బిషప్ సాక్రిఫైస్ (కావాలని బలివ్వడం) దగ్గర చూపించింది 0.00. అంటే కరెక్ట్‌గా ఆడితే డ్రా, కానీ డిఫెండ్ చేసేవాడికి ఒక్కటే దారి, వరసగా ఆరేడు మూవ్‌లు తప్పులేకుండా వెయ్యాలి, ఒక్కటి జారినా అంతే. మెషీన్ లెక్కలో సమానం, గడియారం ముందు కూర్చున్న మనిషికి మాత్రం ప్రాణసంకటం! బలానికీ దూకుడుకీ మధ్య బేలన్స్ అంటే నాకు ఇక్కడే అర్థమైంది.

స్టాక్‌ఫిష్‌ని తప్పు పట్టడానికి లేదు, దాని పద్ధతి అది. అందులో చిన్న మార్పు చెయ్యాలన్నా ఫిష్‌టెస్ట్ అనే వాళ్ళ టెస్టింగ్ సిస్టమ్‌లో వేల గేములు ఆడించి ఎలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్) పెరిగిందనో, కనీసం తగ్గలేదనో తేలితేనే ఉంచుతారు, గేమ్ అందంగా ఉందా అన్నదానికి అక్కడ మార్కుల్లేవు. ఒకప్పుడు అందులో కంటెంప్ట్ అని సెట్టింగ్ ఉండేది, డ్రాని కాస్త నష్టం కింద లెక్కేసి పొజిషన్‌లో టెన్షన్ ఉంచేది, తర్వాత అదీ తీసేశారు. దూకుడు పెంచితే ఎక్కడో ఒకచోట ఎలో వదులుకోవాలి, పాట్రీషియా ఆ ధర కట్టడానికి ఒప్పుకున్న ఇంజిన్. స్టాక్‌ఫిష్ మీద పెడితే ఓడిపోతుంది, కానీ మనలాంటివాళ్ళకి ఆ తేడా కనపడను కూడా కనపడదు, రెండూ మనకి అందనంత ఎత్తులోనే ఉంటాయి కదా.

కంప్యూటర్ దూకుడుగా ఆడాలన్నది కొత్త కోరికేం కాదు. 2003లో న్యూయార్క్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ మీద డీప్ జూనియర్ అనే చెస్ ప్రోగ్రామ్ ఐదో గేమ్‌లో బ్లాక్‌తో ఆడుతూ పదో మూవ్‌లోనే బిషప్‌ని హెచ్2 మీద వదిలేసింది, 19 మూవ్‌ల్లో డ్రా అయింది. ఆ గేమ్ మావాడికి బోర్డు మీద పేర్చి చూపించాను, "కంప్యూటరా ఇలా ఆడింది" అని నోరెళ్ళబెట్టాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. పిల్లాడు ఓడిపోతున్నాడని ఇంజిన్ బలం తగ్గించకండి. బలం తగ్గిస్తే ఏ ఇంజిన్ సాక్రిఫైస్ అయినా లెక్కలేని సాక్రిఫైస్ అయిపోతుంది, ఊరికే పీస్ పారేసుకోవడమే, పిల్లలు అదే కరెక్ట్ అనుకుని టోర్నమెంట్‌లో బిషప్‌లు విసిరేసి వస్తారు. నేనేం చేశానంటే బలం మొత్తం ఉంచేసి దాని క్వీన్ వైపు ఏనుగుని ముందే తీసేసి గేమ్ మొదలుపెట్టాను. ఏనుగు లేకపోయినా అదే మీదకొస్తుంది, ఇవతలివాడికి మాత్రం నిలబడే ఛాన్స్ ఉంటుంది, నిలబడితే గెలుస్తాడు కూడా. మావాడు మొన్న శుక్రవారం అలాగే మొదటిసారి గెలిచాడు, రాజుని ఈ7 మీదుగా క్వీన్ వైపుకి నడిపించి, ఒక్కో చెక్‌కీ వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ. నిన్నటి నుంచి ఏనుగు బదులు గుర్రం ఒక్కటే తీసి ఆడుతున్నాం.